పాత బోటు అద్దం ఫ్రేమ్ సామాన్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గురువుగారికి నమస్కారాలండి. మాది కళింగపట్నం పక్క ఊరు. మా బావా నేనూ కలిసి విశాఖలో ఒకాయన దగ్గర పాత ఫైబర్ స్పీడు బోటు కొన్నామండి, అమెరికా బోటు, పదహారడుగులుంటాది, ఇంజను బాగానే ఉంది, బాడీ కూడా గట్టిదే. గొడవంతా ముందరి విండ్‌షీల్డుతోనే. మూడు ముక్కల అద్దం, ముందు సీట్లలోకి వెళ్ళడానికి మధ్య ముక్క తలుపులాగ తెరుచుకుంటాది. ఆ తలుపు కీలు కింద సగం ఇరిగిపోయింది, గడియ మాకు ముందే పోయిందంట, ఎడం పక్క మూల బ్రాకెట్టు పగిలింది, వెనకనున్న ఊత పైపు బొక్కలు పడి తెల్ల పొడి రాలతంది, స్క్రూలు ఇప్పుదామంటే తలలు తెగిపోతన్నాయి. రబ్బరు ఎండి రెండు పక్కలా పొట్టిదైపోయింది. అద్దాలు మాత్రం మూడూ బాగున్నాయండి. బోటు కంపెనీ ఎప్పుడో మూసేశారంట. చూసిన మెకానిక్కులందరూ మొత్తం పీకేసి ప్లాస్టిక్ షీటు ఒంచి కట్టేయమంటన్నారు, మా బావకి అది ఇష్టం లేదు. ఈ సామాన్లు ఎక్కడ దొరకతాయి, దొరక్కపోతే చేయించుకోగలమా, ఏటి సేయమంటారు?
(ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మీ బావగారి మాటే వినండి. అద్దాలు మూడూ బాగున్నాయన్నారు కదా, ఖరీదైన కష్టం తప్పినట్టే. అవి టఫెన్డ్ గ్లాసు, అంటే కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన అద్దాలు అయ్యుంటాయి, టఫెన్డ్ గ్లాసుని ఒకసారి తయారయ్యాక కొయ్యలేరు, కన్నం పెట్టలేరు, అంచు రుద్దబోయినా మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. కొత్తది కావాలంటే ముందు సైజుకి కోసి కన్నాలు పెట్టి అప్పుడు కొలిమిలో పెట్టాలి, ఒంపు ఉంటే దానికో అచ్చు కూడా చేయాలి, ఒక్క అద్దం కోసం ఆ పని ఎవరూ ఒప్పుకోరు. అంచేత ఇక నుంచి మీరు చేసే ప్రతి పనిలోనూ మొదటి షరతు అద్దానికి దెబ్బ తగలకూడదు. ముఖ్యంగా అంచులకి. టఫెన్డ్ గ్లాసు మధ్యలో గుద్దితే తట్టుకుంటుంది గానీ అంచు మీద చిన్న సుత్తి దెబ్బకి పోతుంది.

ఇప్పుడు ఆ అద్దం కింది మూలన చూడండి, ఇసకతో చెక్కినట్టు చిన్న ముద్ర ఉంటుంది, పేరు, కొన్ని నంబర్లు. దాన్ని ఫోటో తీసుకోండి. బోటు కంపెనీలు చాలామటుకు విండ్‌షీల్డు సొంతంగా చేసుకునేవి కావు, బయట కొనేవి. అమెరికాలో టేలర్ మేడ్ అనే కంపెనీ ఎన్నో రకాల బోట్లకి ఇవి చేసి ఇచ్చింది. దీనివల్ల మీకొచ్చే లాభం ఏటంటే, మీ బోటు కంపెనీ మూతపడినా మీ గడియా, మీ మూల బ్రాకెట్టూ ఇంకో కంపెనీ బోటు మీద కూడా అవే ఉండొచ్చు. కాబట్టి ఆన్‌లైన్లో వెతికేటప్పుడు బోటు పేరుతో వెతికి దొరకలేదని ఊరుకోకుండా విండ్‌షీల్డు చేసినవాళ్ళ పేరు, ఆ సామాను కొలతలు, కన్నానికీ కన్నానికీ మధ్య దూరం, వీటితో వెతకండి. దొరికితే చిన్న సామాన్లు, అంటే నైలాన్ గడియలూ మూల క్యాపులూ లాంటివి తెప్పించుకోవచ్చు, పొడుగాటి ఫ్రేము ముక్కలు మాత్రం వద్దు, కొరియరూ కస్టమ్సూ కలిపితే సామాను కన్నా దారి ఖర్చే ఎక్కువవుతుంది.

దొరక్కపోతే? ఇక్కడే మన మెకానిక్కులు పొరపడుతున్నారు. వాళ్ళు "బోటు సామాను" కోసం చూస్తున్నారు, అది మన జిల్లాలో ఏ షాపులోనూ ఉండదు నిజమే. కానీ మీరు రాసినవాటిలో ఒక్క కీలు తప్పిస్తే ఏదీ బోటుకే ప్రత్యేకమైంది కాదండి. రబ్బరు బస్ బాడీ కట్టేవాడి దగ్గర ఉంది, గడియ లారీ టూల్‌బాక్సుకి ఉంది, బ్రాకెట్టు లేతు షాపువాడు కోస్తాడు, ఊత పైపు రైలింగులు చేసేవాడు ఒంచుతాడు. ఒక్కో ముక్కా చేతిలో పట్టుకుని ఒక్కో పనివాడి దగ్గరకి వెళ్ళండి, మొత్తం బోటు ఫోటో చూపించి "ఇది చేస్తారా" అంటే అందరూ తల అడ్డంగానే ఊపుతారు.

విప్పే ముందు ఫోటోలు, ప్రతి జాయింటుకీ పైనుంచి, పక్కనుంచి. స్కేలు పక్కన పెట్టి తీయండి. ఫ్రేము మూల కోణాలు అట్టముక్క మీద గీసి కత్తిరించి పెట్టుకోండి, విప్పాక ఆ కోణం ఎవరికీ గుర్తుండదు.

స్క్రూల సంగతి. ఆ తెల్ల పొడి తుప్పు పట్టిన అల్యూమినియమే. ఉప్పునీళ్ళలో అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే రెండిటి మధ్యా బ్యాటరీ కరెంటు లాంటిది పుడుతుంది, అందులో అరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. స్క్రూ మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ఫ్రేము మాత్రం పొడైపోయి ఆ పొడే ఉబ్బి స్క్రూని పట్టేస్తుంది. బలం పెడితే తల తెగుతుంది గాని స్క్రూ కదలదు. ముందు వీలైనన్ని అద్దాలు గాడిలోంచి తీసి గోనె మీద నిలబెట్టి పక్కన పెట్టండి. తర్వాత తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి, మర్నాడు మళ్ళీ కొట్టండి. ఆ తర్వాత హీట్ గన్నుతో స్క్రూ చుట్టూ ఫ్రేముని వేడి చేయండి, వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి పట్టు వదులుతుంది, అప్పుడు సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు పెట్టండి. అద్దం ఉండగా ఇవేవీ వద్దు. అప్పటికీ రాకపోతే మొండికెయ్యకండి, తల డ్రిల్లు చేసి బ్రాకెట్టు పైకి లాగేయండి, మిగిలిన కాడ బయటికి పొడుచుకుని ఉంటుంది, గ్రిప్ ప్లయరుతో పట్టుకుని తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.

వచ్చిన స్క్రూల్ని పారెయ్యకండి, వాటి మీద ఇంకో గొడవుంది. అమెరికా బోటు కాబట్టి అంగుళాల థ్రెడ్డు. మన హార్డ్‌వేర్ షాపులో దొరికేవి ఎక్కువగా మిల్లీమీటర్లవి. 10-32 అనే అమెరికా స్క్రూ లావు 4.83 మిల్లీమీటర్లు, మన ఎం5 లావు 5, చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం రెండిట్లోనూ దాదాపు 0.8. అంచేత షాపువాడిచ్చిన ఎం5 స్క్రూ ఆ కన్నంలో ఒకటి రెండు చుట్లు బాగానే దిగుతుంది, "సరిపోయింది" అనుకుని స్క్రూడ్రైవరుతో నాలుగు తిప్పులు గట్టిగా తిప్పగానే మెత్తటి అల్యూమినియంలో థ్రెడ్డు మొత్తం చెక్కేసి ఊరుకుంటుంది. 10-24 అయితే ఈ మోసం ఉండదు, దాని చుట్టు దూరం 1.06, మొదటి చుట్టులోనే అడ్డం తిరుగుతుంది. పావంగుళం స్క్రూ అయితే 6.35 లావు, 1.27 చుట్టు, మన ఎం6కి దానికీ పొత్తే లేదు. నా మాట ఏటంటే ఎలాగూ సగం కన్నాలు పాడైపోయుంటాయి, అన్నిటినీ మన సైజుకి మార్చేయండి. 10 నంబరు కన్నాన్ని 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో శుభ్రం చేసి ఎం6 ట్యాపు కొట్టించేయొచ్చు, అంటే కన్నం లోపల కొత్త థ్రెడ్డు కోయించడం, అక్కడ లోహం తగినంత మందం ఉంటేనే లెండి, పల్చగా ఉంటే వెనకనుంచి నట్టు వేసుకోండి. రేపు సముద్రం ఒడ్డున ఒక స్క్రూ పడిపోతే శ్రీకాకుళంలో కొనుక్కునేటట్టు ఉండాలి.

కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసి "అతుక్కోలేదు, అసలైన స్టెయిన్‌లెస్సే" అనుకోకండి. చవకరకం 202 కూడా సరిగా అతుక్కోదు, కానీ సముద్రం గాలికి కొన్నాళ్ళకే ఎర్ర మచ్చలు వస్తాయి. బోల్టు తల మీద ఏ2-70 అని ఉంటే అది 304 రకం, ఏ4-70 అని ఉంటే 316 రకం. మీకు కావల్సింది ఏ4. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకునేది దానివల్లే. చిన్న స్క్రూల తలల మీద అచ్చు ఉండదు, డబ్బా మీద రాసి ఉన్నది చూసి తీసుకోండి, విడిగా పొట్లం కట్టి ఇస్తే వద్దు.

ఇక కీలు. ఇదొక్కటే నిజంగా బుర్ర పెట్టాల్సింది. మీ తలుపుకి ఉన్నది మామూలు మడతబందు కాదు, అందులో పిన్ను ఉండదు. తలుపు ఫ్రేము అంచే గుండ్రటి కడ్డీలాగ తయారై ఉంటుంది, పక్క ఫ్రేము అంచు దాన్ని చుట్టుకునే గాడి. పైనుంచి ఒకదాన్ని ఇంకోదానిలోకి జారిస్తే అదే కీలు. సాధారణంగా ఇరిగేది ఆ గాడి పెదవి. అలాంటి ఫ్రేము పట్టీ కొత్తగా లాగించాలంటే డై, అంటే దాని ఆకారం అచ్చు, కొట్టించాలి, వందల కిలోలు ఆర్డరివ్వాలి, ఒక బోటుకి అది జరిగే పని కాదు. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది నాకు నచ్చింది. కీలు మొత్తం పొడుగునా ఉండాలని రూలేం లేదు. ఇరిగిన భాగాన్ని తిన్నగా కోసి సాఫు చేసేయండి. బాగున్న చోటనుంచి అడ్డకోత ఆకారం జాగర్తగా కొలిపించి, 6061 గాని 6082 గాని రకం అల్యూమినియం దిమ్మ లోంచి వైర్‌కట్ మిషను మీద అదే ఆకారం 75 మిల్లీమీటర్ల ముక్కలు రెండు కోయించండి. వైర్‌కట్ అంటే సన్నటి తీగలో కరెంటు పంపి లోహాన్ని కోసే మిషను, విశాఖలో డైలు చేసే టూల్‌రూముల్లో ఉంటాయి, ఎంత వంకర ఆకారమైనా వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తుంది. ఆ ముక్కలకి వెనక చిన్న రెక్క ఉండేలా గీయించుకుంటే దాన్ని ఫ్రేముకి తల మునిగే స్క్రూలతో బిగించేయొచ్చు. జారే చోట కాస్త ఖాళీ ఉంచమనండి, మరీ టైటుగా చేస్తే ఉప్పు చేరాక తలుపు కదలదు.

రెండో దారి, ఆ అంచులు రెండూ కోసేసి పొడుగాటి స్టెయిన్‌లెస్ పియానో మడతబందు వేసేయడం. పని తొందరగా అయిపోతుంది. కానీ దానివల్ల తలుపు మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది, గడియ పక్క ఒరుసుకుంటుంది, పైగా స్టెయిన్‌లెస్ పట్టీ మొత్తం అల్యూమినియానికి ఆనుకుని కూర్చుంటుంది, మధ్యలో ప్లాస్టిక్ పట్టీ వేయడం మర్చిపోతే మీకు రాలిన తెల్ల పొడే మళ్ళీ.

మూల బ్రాకెట్టుకి అందరూ పోత పోయిద్దామంటారు. ఒక్క ముక్కకి పోత ఎందుకండీ, 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు లోంచి మిల్లింగు చేయించేయండి, పోత కన్నా గట్టిగా ఉంటుంది. రెండు వైపులా ఒంపు ఉండి తప్పనిసరిగా పోతే పోయించాల్సొస్తే మాత్రం రెండు విషయాలు. ఒకటి, పాత బ్రాకెట్టునే అచ్చుగా ఇసకలో పెడితే కొత్తది చిన్నదొస్తుంది, అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు 1.3 శాతం దాకా కుంచించుకుపోతుంది, 100 మిల్లీమీటర్లకి 1.3 మిల్లీమీటర్లు. పగిలిన ముక్కలు అతికించి దాని మీద పుట్టీ ఒక పొర పూసి రుద్ది అప్పుడు అచ్చుకి ఇవ్వండి. లేదా కర్రతో అచ్చు చేయించండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒక్క పనస దుంగ లోంచి వీణ తొలిచే చేతులున్న జిల్లాలు మనవి, చిన్న బ్రాకెట్టు అచ్చు చెక్కడానికి మంచి వడ్రంగి దొరక్కపోడు. రెండోది ముఖ్యం, ఏ లోహం పోస్తున్నారో అడగండి. చిన్న పోత షాపుల్లో పాత పిస్టన్లూ ఇంజను కేసింగులూ కరిగించి పోసేస్తారు, వాటిలో రాగి కలిసి ఉంటుంది, రాగి ఉన్న అల్యూమినియం ఉప్పునీళ్ళకి తొందరగా గుల్లైపోతుంది. ఎల్ఎం6 అనే రకం అల్యూమినియం కడ్డీ తెచ్చి పోయమనండి, సిలికాన్ ఎక్కువ, రాగి దాదాపు ఉండదు, బోటు సామాన్లకి వాడే రకం అదే. దాన్ని లేతు మీద కొయ్యడం చికాకని లేతువాళ్ళు గొణుగుతారు, గొణగనివ్వండి.

త్రీడీ ప్రింటింగు చేయిద్దామని మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే కుర్రాడెవరైనా అంటే, అచ్చు కోసం అయితే భేషుగ్గా వాడుకోండి. బోటు మీద పెట్టడానికి మాత్రం మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, మే నెల ఎండలో ఒడ్డు మీద నిలబెట్టిన బోటు ఫ్రేము ఆ వేడిని సులువుగానే అందుకుంటుంది. ఏఎస్ఏ అనే రకం అయితే ఎండకీ వేడికీ ఆగుతుంది, మూల క్యాపులకి అది చాలు.

ఊత పైపు: రైలింగు షాపుకెళ్ళి "స్టీలు పైపు" అంటే 202 ఇచ్చేస్తారు. 316 దొరకలేదా, అల్యూమినియం పైపే వేయండి, చివర్లు నొక్కి కన్నం పెడితే అయిపోతుంది. గడియకి లారీ టూల్‌బాక్సు టాగుల్ లాచ్ గాని, సరిపోతే స్టెయిన్‌లెస్ టవర్ బోల్టు గాని. అందం తగ్గుతుంది, పని జరుగుతుంది.

రబ్బరు. విశాఖ ఆటోనగర్‌లో బస్ బాడీ కట్టేవాళ్ళు వాడే గ్లాసు బీడింగుల్లో రకరకాల గాడి సైజులుంటాయి, మీ పాత ముక్క అర అడుగు కోసి పట్టుకెళ్ళండి, ఎండిపోయిన చివర కాదు, గాడి లోపల దాక్కున్న చోటిది, అక్కడే అసలు కొలత తెలుస్తుంది. ఈపీడీఎం రబ్బరు అడగండి, ఎండకి బాగా ఆగుతుంది. ఎక్కించేటప్పుడు లాగి ఎక్కించకండి, లాగిన రబ్బరు కొన్నాళ్ళకి వెనక్కి పోయి మళ్ళీ చివర్లు పొట్టివైపోతాయి, కాస్త ఎక్కువ పొడుగు కోసి లోపలికి కుక్కుకుంటూ వెళ్ళండి. సబ్బునీళ్ళు రాసి ఎక్కించండి, నూనే గ్రీజూ రాస్తే ఈపీడీఎం ఉబ్బిపోతుంది.

అన్నీ చేరాక బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ అల్యూమినియానికి తగిలే ప్రతిచోటా అడ్డం వేయండి. తల కింద నైలాన్ వాషరు, కాడకి వేడికి ముడుచుకుని పట్టే ప్లాస్టిక్ గొట్టం (హీట్‌ష్రింక్ స్లీవు), బ్రాకెట్టు కింద పల్చటి ప్లాస్టిక్ పట్టీ. థ్రెడ్డుకి పెయింటు షాపులో దొరికే పసుప్పచ్చ జింక్ క్రోమేట్ ప్రైమరు పచ్చిగా ఉండగానే పూసి బిగించొచ్చు, చేతికి గ్లవ్సు వేసుకోండి, అది మంచి మందు కాదు ఒంటికి. ఫ్రేము కింద డెక్కు మీద స్క్రూ కన్నాలుంటాయి కదా, వాటిలోంచి నీళ్ళు దిగి ఫైబర్ లోపలున్న ప్లైవుడ్ కుళ్ళిపోతుంటుంది. ఆ కన్నాలు పెద్దవి చేసి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సైజు కన్నం పెట్టుకోండి.

ఈ పనంతా ఒక్కసారి మొదలెట్టకండి, ముందు కీలు కొలతలు వైర్‌కట్ వాళ్ళకి ఇచ్చి అది చేతికొచ్చాక మిగతావి విప్పండి. లేకపోతే విప్పిన ఫ్రేము ఇంటి చూరు కింద ఏడాది పడుంటుంది.


ప్రశ్న: మాది పూసపాటిరేగ మండలం చింతపల్లి. వేటకెళ్ళే ఫైబర్ బోటుకి ముందు చిన్న మరుగు కట్టి పారదర్శకం షీటు వేయించామండీ, అక్రిలిక్ అన్నారు. మూడు నెలలకే స్క్రూ కన్నాల దగ్గర్నుంచి పగుళ్ళు మొదలయ్యాయి. షాపువాడు మంచి సరుకేనంటాడు. ఇంకా మందం వేయించమంటారా?

జవాబు: మందం తక్కువై కాదండి, కన్నం తక్కువై. అక్రిలిక్ ఎండకి సాగుతుంది, మీటరు పొడుగు షీటు 30 డిగ్రీల తేడాకి దాదాపు 2 మిల్లీమీటర్లు. తెల్లారి వేటకెళ్ళేటప్పటి చలికీ మధ్యాన్నం ఎండకీ ఆ తేడా రోజూ వస్తుంది. మీవాడు స్క్రూ లావుకి సరిగ్గా కన్నం పెట్టి గట్టిగా బిగించేసుంటాడు. షీటు సాగడానికి చోటు లేక కన్నం అంచు మీద పడుతుంది, పడవ ఊపుకి అక్కడ్నుంచి గీత పాకుతుంది.

కన్నం స్క్రూ కన్నా కనీసం 2, 3 మిల్లీమీటర్లు పెద్దది ఉండాలి, చివర్లకి వెళ్ళేకొద్దీ ఇంకొంచెం. తల మునిగే స్క్రూ వద్దు, అది గూటంలాగ దిగి చీల్చేస్తుంది. బల్లపరుపు తల, దాని కింద వెడల్పాటి వాషరు, వాషరు కింద రబ్బరు. బిగించేసి మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పాలి, వేలితో వాషరుని తిప్పితే బరువుగా తిరగాలి. అంతే టైటు. ఇనపకి వాడే డ్రిల్లు బిట్టు అక్రిలిక్‌ని అవతలికి దూసుకెళ్ళేటప్పుడు పెచ్చు లేపుతుంది, బిట్టు అంచు కాస్త మొద్దుగా రుద్ది, కింద చెక్క ఆనించి నెమ్మదిగా పెట్టమనండి.

ఉన్న పగుళ్ళ చివర చిన్న కన్నం పెడితే అక్కడికి ఆగుతుంది, ఈ సీజను నెట్టుకురావచ్చు. కొత్తది వేయిస్తే మీ పనికి పాలికార్బొనేట్ మేలు, వల బరువు తగిలినా, కర్ర తగిలినా పగలదు. దానికి గీతలు తొందరగా పడతాయి, ఎండకి పచ్చబడుతుంది, అంచేత ఎండ పొర వేసిన రకం అడగండి, ఆ పొర ఉన్న వైపు అంటించిన కాగితం మీద రాసుంటుంది, ఆ వైపే బయటికి రావాలి. చాలామంది కాగితం పీకేసి తర్వాత ఏ వైపో తెలియక వెతుక్కుంటారు. కన్నాల లెక్క దీనికీ అంతే.

సీలెంటు విషయం, పుల్లటి వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వద్దు, అది లోహాన్ని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని డబ్బా మీద రాసున్న సిలికాన్ వాడండి. పాలిసల్ఫైడ్ అనే రకం సీలెంట్లు ఈ ప్లాస్టిక్ షీట్లకి పడవు.


ప్రశ్న: సార్, తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఉంటాం. పాత బోటొకటి రిపేరు చేయించి టూరిస్టుల్ని తిప్పుదామని ఆలోచన. ముందు అద్దం పగిలింది, కారు గ్లాసు షాపువాడు మామూలు 5 ఎంఎం అద్దం కోసి ఇచ్చేస్తానంటున్నాడు, ఫరవాలేదా?

జవాబు: వద్దు బాబూ. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది, బోటు దేన్నయినా గుద్దుకుంటే ముందు సీట్లో ఉన్నవాళ్ళ మొహాలు నేరుగా దాని మీదకే వెళ్తాయి. ఒంపు లేని అద్దమైతే లామినేటెడ్ గ్లాసు కోయించండి, మధ్యలో పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు అతుక్కునే ఉంటాయి, టఫెన్డ్‌లాగ కాకుండా దీన్ని సైజుకి కోసుకోవచ్చు. ఐఎస్ 2553 అని ముద్ర ఉందేమో చూసుకోండి, సేఫ్టీ గ్లాసుకి మన దేశంలో ఉన్న స్టాండర్డు అదే. కోసిన అంచుకి నీళ్ళు తగలకుండా ఛానల్లో సీలెంటు పెట్టించండి, లేకపోతే అంచులనుంచి తెల్లగా పొర లేస్తుంది.

ఇక టూరిస్టుల్ని తిప్పడం అంటే అద్దంతో పోయేది కాదు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద బోటుకి సర్వే, రిజిస్ట్రేషనూ, నడిపేవాడికి సర్టిఫికెట్టూ, ఇన్సూరెన్సూ ఉండాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి మీకు తెలియనిది కాదు. పాత బోటు మీద డబ్బు పెట్టే ముందే సర్వే చేసేవాళ్ళకి బాడీ చూపించండి, వాళ్ళు కాదంటే అద్దం ఖర్చు కూడా దండగే.


ప్రశ్న: కళింగపట్నం బోటు గురించి మీ స్నేహితులెవరో చెప్తే విని రాస్తున్నానండి. మాది సారవకోట మండలం, బుడితిలో మా మావయ్య ఇత్తడి పోత పని చేస్తారు. వాళ్ళ బ్రాకెట్టూ గడియా ఇత్తడిలో పోసి ఇమ్మంటే ఎంత అందంగా ఉంటాయో, ఇవ్వమంటారా?

జవాబు: మీ మావయ్యగారి చేతి పని మీద నాకు ఏ అనుమానమూ లేదు, బుడితి ఇత్తడికి పేరు ఊరికే రాలేదు. కానీ ఆ ఫ్రేముకి మాత్రం ఇవ్వకండి. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ తగిలితేనే అంత పొడి రాలిందంటే రాగి ఉన్న ఇత్తడి తగిలితే ఇంకా ఘోరం. పైగా ఇత్తడికి కూడా ఉప్పునీళ్ళలో సొంత జబ్బొకటుంది, అందులో ఉన్న జింకు కరిగి వెళ్ళిపోయి ఎర్రటి గుల్ల రాగి మిగులుతుంది, చూడ్డానికి ముక్క అలాగే ఉంటుంది, పట్టుకుని లాగితే బిస్కెట్టు ముక్కలా ఊడొస్తుంది.

ఆయన గన్‌మెటల్ పోయగలరేమో అడగండి. 88 వంతుల రాగి, 10 తగరం, 2 జింకు, ఓడల సామాన్లకి ఎప్పట్నుంచో వాడే కలయిక ఇది. దాంతో తాడు కట్టే క్లీట్లూ, లాంతరు స్టాండ్లూ, కర్ర పడవల కీళ్ళూ పోస్తే తరాలు ఉంటాయి. అల్యూమినియం లేని చోట, ఫైబర్ మీదో కర్ర మీదో తిన్నగా బిగించేవాటికి ఇది బంగారం. అలాంటివి రెండు పోసి చూపించమనండి, భావనపాడు వైపు పడవలవాళ్ళు చూస్తే ఆర్డర్లు వస్తాయి.


ప్రశ్న: బోటు ప్లాస్టిక్ అద్దం మసకేసిపోయింది. ఇంట్లో కిటికీలు తుడిచే స్ప్రే కొడుతున్నాం. ఇంకా ఎక్కువైంది. (విజయనగరం)

జవాబు: ఆపేయండి. కిటికీ స్ప్రేల్లో అమ్మోనియా ఉన్నవి అక్రిలిక్‌కీ పాలికార్బొనేట్‌కీ పడవు, సన్నటి నెరెలు తెస్తాయి. ముందు బోలెడు మంచినీళ్ళు పోసి ఉప్పూ ఇసకా వదలగొట్టండి, పొడిగుడ్డ పెట్టి రుద్దితే ఇసక గీతలే మీకు మసక. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళూ మెత్తటి గుడ్డ. అక్రిలిక్ అయితే ప్లాస్టిక్ పాలిష్‌తో చాలామటుకు తేరుకుంటుంది, అది కారు హెడ్‌లైట్లు మెరుగుపెట్టేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. నెరెలు లోపలికంటా పోయుంటే షీటు మార్చడమే.